బళ్ళారి మండలపు వీథిబడులు – ధారణ, అర్థజ్ఞానము

నేఁటి యనంతపుర మండలము 1882 వఱకు బళ్ళారి మండలములోఁ జేరియుండెను. ఆ మండలపుఁ గలెక్టరగు ఎ. డి. క్యాంబెల్‌దొర 1823 ఆగస్టులోఁ జెన్నపురి రెవిన్యూబోర్డునకుఁ బంపిన నివేదికలో నచ్చటి వీథిబడుల వృత్తాంతము గలదు. ఆతఁడు 1816లోఁ దెలుఁగు వ్యాకరణ మొకటి యాంగ్లమునఁ బ్రకటించినవాఁడు. కావున మన పలుకుబడి యెఱిఁగినవాని సాక్ష్యముగా దీనిని గ్రహింపవచ్చును.

ఆతని లెక్కను బట్టి యపుడు మండలమున 533 బడులును, 6,641 మంది విద్యార్థులును నుండిరి. బాలుఁడు ఇసుకలో వ్రేలితో దిద్దుచు నక్షరములు నేర్చుచుండెను. ముందు నేర్చినవారు వెనుకటివారికిఁ జెప్పుచుండిరి. ఇందువలనఁ జెప్పినవారి చదువును గట్టిపడునని క్యాంబెల్ మెచ్చుకొనెను. కాని బాలురు పెక్కు పద్యములు వల్లింతురే కాని వాని యర్థము చిలుక యెఱిఁగినంతయు నెఱుఁగరని యాక్షేపించెను.

ఈ యాక్షేపమును మనము పరదేశీయుని మాటయని త్రోసివేయరాదు. అర్థ మెఱుఁగక వేదమును జదివినవానిని యాస్కుఁడు నిరుక్తమున భారము మోయు స్తంభముతోఁ బోల్చియుండెను.

ధారణకు మితి గలదు. జర్మను పండితుఁడగు ఎబ్బింగ్‌హౌస్ తన్నుఁ దానే పరీక్షించుకొని 1885లోఁ బ్రకటించిన గ్రంథమున, అర్థహీనములగు నక్షరకూటముల నేర్చుటకుఁ బట్టిన శ్రమలో సుమారు పదియవవంతే పద్యములకుఁ జాలెనని తెలిపెను. ఒక్కనాఁడే పలుమాఱులు వల్లించుటకంటె దినములఁ బంచికొని వల్లించుట మేలనియుఁ గనుఁగొనెను. మనస్సు ఒక్కమాఱు పట్టఁగల యంశములు సుమారు ఏడని 1956లో జార్జి మిల్లరును, నాలుగింటికి మించవని 2001లో నెల్సన్ కోవనును జెప్పిరి. అయితే యొక్కొక యంశమునం దెంత యిమిడియుండుననునది నేర్చినవాని తెలివినిబట్టి యుండును.

శబ్దజ్ఞులకు నిది క్రొత్త కాదు. ‘అచ్’ అను ప్రత్యాహారమున నాలుగు మాహేశ్వరసూత్రముల తొమ్మిది వర్ణములు నిమిడియున్నవి. సంకేత మెఱిఁగినవానికి నది లాఘవము. ఎఱుఁగనివానికి నర్థములేని ధ్వని. కావున ధారణయు నర్థజ్ఞానమును బరస్పరవిరుద్ధములు గావు. అర్థమే ధారణకు ముడి.

అర్థము పిదపఁ దెలియునను నమ్మకము దీర్ఘకాలము చదువువానికిఁ జెల్లును. కాని ఐరోపాబట్టల రాకచేఁ జేతిపనివారి జీవనము క్షీణించెననియు, బీదవారు పిల్లల లేఁత యవయవములు పనికి వచ్చినంతనే వారి సాయము కోరవలసివచ్చెననియుఁ క్యాంబెలే వ్రాసెను. వానలు తప్పు నీ మెట్టసీమలోఁ బిదప ననునది యెందఱు బాలురకో రాలేదు. వారికి మిగిలినది ధ్వని మాత్రమే.

కావునఁ బండితులు పద్యము చెప్పిననాఁడే తాత్పర్యమును జెప్పవలయును. కొన్నినాళ్ళ కెడమిచ్చి మరలఁ జదివింపవలయును. వీథిబడిలోవలెఁ జదివినవానిచే మఱియొకనికిఁ జెప్పింపవలయును. అట్లైన నడుమ బడి మానిన బాలుఁడును దన పద్యమును దనదిగాఁ గొనిపోఁగలఁడు.