లోల్ అంటే గులాబీ

మా మేనకోడలు ఫోనులో పంపే సందేశాల్లో సగం ‘లోల్’తోనే ముగుస్తాయి. నవ్వొచ్చిందని అర్థమట. కానీ వోలాప్యూక్ భాషలో లోల్ అంటే గులాబీ! ఈ సంగతి తెలిసిన రోజు నాకు వేరే పని సాగలేదు.

అది ఎవరి ఉగ్గుపాల భాషా కాదు. జర్మన్ కేథలిక్ ఫాదర్ యోహాన్ మార్టిన్ ష్లేయర్ అల్లిన భాష. 1879లో నిద్రపట్టని ఒక రాత్రి దేవుడే ఈ పని పురమాయించాడని ఆయన నమ్మకం. ఇంగ్లీషు ‘వరల్డ్’ అరిగి ‘వోల్’ అయింది, ‘స్పీక్’ అరిగి ‘ప్యూక్’ అయింది. మధ్యలో షష్ఠి గుర్తు ‘ఆ’. వెరసి లోకభాష.

గులాబీ ఎలా మారిందంటారా? చైనావాళ్లకూ పిల్లలకూ ముసలివాళ్లకూ ‘ర’ పలకదని ఆయన దాన్ని తీసేశాడు. ‘రోజ్’లో మొదటి అక్షరం పోయింది. చివరి ‘జ్’ కూడా నిలవలేదు. ‘స్’ బహువచనానికి కేటాయించాడు కాబట్టి మాట చివర ఆ జాతి ధ్వనులకు చోటు లేదు. రెండు వైపులా ‘ల’ వచ్చి కూర్చుంది.

ఇక విభక్తులు చూడండి. లోల్ గులాబీ, లోలా గులాబీ యొక్క, లోలే గులాబీకి, లోలీ గులాబీని. ఆ, ఏ, ఈ అని అచ్చుల వరసే! చివర ‘స్’ చేర్చితే బహువచనం. మన ఇల్లు ‘ఇంటికి’ అవుతుంది, నీరు ‘నీటికి’ అవుతుంది. అక్కడ అలాంటి పేచీయే లేదు. డుమువులు వల్లెవేసిన నాకు అసూయే కలిగింది.

ఇలా మాటలు కల్పించడం కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని వెయ్యి దాకా నామవాచకాలు కల్పించింది. మధ్య శతాబ్దాల పండితులను దాటేసి 1889 పారిస్‌కు వద్దాం. మూడో వోలాప్యూక్ మహాసభ ఆ భాషలోనే సాగింది. వడ్డించేవాళ్లు కూడా అందులోనే మాట్లాడారని చెబుతారు. దాన్ని నడిపించిన ఆగుస్త్ కెర్క్‌హాఫ్స్ రహస్యలిపి శాస్త్రంలో పేరున్నవాడు. అందరికీ తెలియాల్సిన భాషకు రహస్యాల పండితుడు సారథి! ఆయన మార్పులు కోరాడు, ష్లేయర్ కాదన్నాడు. ఇల్లు రెండు ముక్కలైంది.

1887లో పుట్టిన ఎస్పెరాంటో ఆ చోటు ఆక్రమించింది. గులాబీ ‘రోజో’ అయి ముఖం తిరిగి తెచ్చుకుంది. ఎస్పెరాంటోలో ‘వోలాప్యూక్’ మాట నుంచి పుట్టిన పదానికి అర్థం: అర్థంకాని గోల!

ష్లేయర్ నాలుకకు సుఖమిచ్చాడు, చెవికి గుర్తు మిగల్చలేదు. 1931లో అరీ డె యోంగ్ అనే డచ్ డాక్టరు ‘ర’ను తిరిగి తెచ్చేసరికి వినేవాళ్లు వెళ్లిపోయారు.

మొన్న మేనకోడలికి ‘లోలీస్’ అని పంపాను. గులాబీలను అని ద్వితీయా విభక్తి, క్రియ తనే ఊహించుకుంటుందని.

“స్పెల్లింగ్ తప్పు మామయ్యా” అంది.