మహిళల మ్యాచ్ రేసింగ్

మహిళల మ్యాచ్ రేసింగ్ అనేది తెరచాప పడవల పందేలలో ఒక రకం. ఇందులో ఒకే నమూనాకు చెందిన రెండు పడవలు ముఖాముఖి తలపడతాయి. వాటిని నడిపేవారందరూ స్త్రీలే. పదులకొద్దీ పడవలు ఒక్కసారిగా బయలుదేరే మామూలు పందేన్ని ఫ్లీట్ రేసింగ్ అంటారు. ఈ రెండింటికీ ఉన్న తేడా పరుగు పందేనికీ కుస్తీకీ ఉన్న తేడా వంటిదని చెప్పుకోవచ్చు. ఎదుటి పడవ కంటే ఒక్క అడుగు ముందుంటే చాలు కనుక, తాను వేగంగా పోవడం ఎంత ముఖ్యమో ఎదుటివారిని పోనివ్వకపోవడమూ అంతే ముఖ్యం. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1999లో మొదలైనది. ఒలింపిక్ క్రీడలలో ఈ అంశం 2012లో ఒకే ఒక్కసారి కనిపించింది. తెలుగు మహిళలు తెరచాప నౌకాయానంలో పేరు తెచ్చుకున్నది ఇతర మార్గాలలో. ఆ వివరాలు ఈ వ్యాసం చివరి భాగాలలో ఉన్నాయి.

గాలి, పడవ

ఈ పందేన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా గాలి సంగతి తెలియాలి. ఉత్తరాంధ్ర తీరంలోని జాలరులకు ఇది కొత్త విషయం కాదు. తెల్లవారుజామున నేల మీద నుండి సముద్రం వైపు వీచే గాలితో తెప్పలు లోపలికి పోయేవి. పొద్దెక్కిన తరువాత సముద్రం మీద నుండి వీచే గాలితో ఒడ్డుకు తిరిగి వచ్చేవి. గాలివాలున పోవడం సులభం. ఎదురుగాలిలో పోవడమే విద్య.

గాలి వచ్చే దిక్కుకు సూటిగా ఏ తెరచాప పడవా పోలేదు. ఆ దిక్కుకు ఇరుపక్కలా సుమారు 45 డిగ్రీల మేర పడవ నడవని ప్రాంతం ఉంటుంది. కనుక పడవ ఒకసారి కుడివైపుకు ఏటవాలుగా, మరొకసారి ఎడమవైపుకు ఏటవాలుగా మెలికలు తిరుగుతూ ముందుకు పోవలసి ఉంటుంది. ఇలా పడవ ముక్కును గాలికి అడ్డంగా తిప్పి రెండవ పక్కకు మళ్ళించడాన్ని టాకింగ్ అంటారు. గాలివాలున పోతూ తెరచాపను ఒక పక్క నుండి మరొక పక్కకు మార్చడం జైబింగ్. తెరచాపపై గాలి కలిగించే బలం పడవను పక్కకు నెట్టాలని చూస్తుంది. పడవ అడుగున రెక్కలా ఉండే కీల్ దానిని అడ్డుకుంటుంది. మిగిలిన బలం పడవను ముందుకు నడుపుతుంది. బలాల విభజన పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

పందెం జరిగే తీరు

నీటిపై రెండు గుర్తులను తేలవేస్తారు. ఒకటి గాలి వచ్చే వైపు, మరొకటి గాలి పోయే వైపు ఉంటుంది. బయలుదేరే గీత వద్ద నుండి ఎదురుగాలిలో పై గుర్తుకు చేరి, దాన్ని చుట్టి, గాలివాలున కిందికి దిగాలి. సాధారణంగా ఇటువంటి చుట్లు రెండు ఉంటాయి. ఒక్కొక్క పోటీ సుమారు 20 నిమిషాలలో ముగిసిపోతుంది. అయితే చూడవలసిన అసలు ఘట్టం పందెం మొదలుకావడానికి ముందే జరుగుతుంది.

బయలుదేరే గీతకు ఎడమ కొస నుండి వచ్చే పడవ నీలం జెండానూ, కుడి కొస నుండి వచ్చే పడవ పసుపు జెండానూ వెనుక భాగాన కట్టుకుంటాయి. బయలుదేరే సమయానికి 4 నిమిషాల ముందు ఇచ్చే సంకేతంతో రెండు పడవలూ ఎదురెదురుగా లోపలికి ప్రవేశిస్తాయి. ఆ 4 నిమిషాలూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఒకదానినొకటి ఆపుతూ, తరుముతూ ఉంటాయి. ఎదుటి పడవను గీత ముందుగానే దాటేలా చేయడం, లేదా బాగా వెనుకబడేలా చేయడం, అదీ కాకపోతే నియమం తప్పేలా చేయడం ఇక్కడి ఎత్తుగడ. గీత ముందుగా దాటినవారు వెనక్కు వచ్చి మళ్ళీ బయలుదేరవలసిందే. అనుభవమున్న జట్ల మధ్య చాలా పోటీలు ఈ 4 నిమిషాలలోనే సగం తేలిపోతాయి.

ముందున్న పడవ ఎదురుగాలిలో పోయేటప్పుడు వెనుక పడవకూ గాలికీ మధ్య నిలిచేందుకు ప్రయత్నిస్తుంది. దాని తెరచాపలను దాటి వచ్చే గాలి చెదిరిపోయి ఉంటుంది కనుక వెనుక పడవ మందగిస్తుంది. వెనుకవారు తప్పించుకోవడానికి మలుపు తీసుకుంటే ముందువారూ అదే మలుపు తీసుకుంటారు. తిరిగిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది కనుక, ఎవరు తక్కువ నష్టంతో తిరగగలరన్నదే తేల్చవలసిన విషయమవుతుంది. పై గుర్తు చుట్టిన తరువాత పరిస్థితి తలకిందులవుతుంది. గాలి ఇప్పుడు వెనుక నుండి వస్తున్నది. వెనుక పడవ తెరచాపలే ముందు పడవ గాలిని మింగివేస్తాయి. ముందున్నవారు ఎంత ఆధిక్యంలో ఉన్నా నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఇదే.

నియమాలు

దారి హక్కు నియమాలలో మూడు ముఖ్యమైనవి. కుడివైపు నుండి గాలి తగులుతున్న పడవకు, ఎడమవైపు నుండి గాలి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. రెండింటికీ ఒకే వైపు నుండి గాలి తగులుతూ అవి పక్కపక్కన ఉంటే, గాలికి దగ్గరగా ఉన్న పడవ అవతలి పడవకు దారి ఇవ్వాలి. ఒకే వైపు గాలితో పోతూ ఒకదాని వెనుక ఒకటి ఉంటే, వెనుకది ముందుదానికి దూరంగా ఉండాలి. మన రోడ్లపై ఎడమవైపు నడవాలన్న నియమం వంటివే ఇవి కూడా. ప్రమాదాన్ని తప్పించడానికి పుట్టినవి. మ్యాచ్ రేసింగ్ లో మాత్రం వీటినే ఆయుధాలుగా వాడుకుంటారు. హక్కు ఉన్న పడవ కావాలనే ఎదుటి పడవకు చేరువగా వచ్చి, తప్పుకోలేని స్థితిలోకి దాన్ని నెడుతుంది. హక్కు ఉన్నంత మాత్రాన ఢీకొట్టవచ్చునని కాదు. ఢీకొనకుండా చూడవలసిన బాధ్యత ఇద్దరికీ ఉన్నది.

అంపైర్లు మోటారు పడవలో వెంటనే వెన్నంటి వస్తారు. ఎదుటివారు తప్పు చేశారని భావించిన జట్టు ఒక జెండాను ఎగురవేస్తుంది. అంపైర్లు ఆకుపచ్చ-తెలుపు జెండా చూపితే శిక్ష లేదని అర్థం. నీలం గానీ పసుపు గానీ చూపితే ఆ రంగు పడవకు శిక్ష పడినట్లు. ఎరుపు జెండా చూపితే ఆ శిక్షను వెంటనే అనుభవించాలి. నల్ల జెండా చూపితే పోటీ అక్కడితో ముగిసినట్లే. శిక్ష అంటే సుమారు ముప్పాతిక చుట్టు తిరగడం. దీనిని వెంటనే చేయనక్కరలేదు, గమ్యం చేరేలోపు ఎప్పుడైనా చేయవచ్చు. ఈలోగా ఎదుటి పడవకు కూడా శిక్ష పడితే ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి. అందుచేత శిక్ష బాకీ ఉన్న పడవ, తిరగకుండా ముందుగా గీతను చేరినా గెలిచినట్లు కాదు. కొత్తగా చూసేవారు తికమకపడేది ఇక్కడే.

జట్టు, పడవలు

పడవను బట్టి జట్టులో ముగ్గురు నుండి ఐదుగురు వరకు ఉంటారు. చుక్కాని పట్టే ఆమె నాయకురాలు. తెరచాపల బిగింపు చూసేవారు, ముందు భాగాన ఉండి స్పినేకర్ అనే బెలూన్ వంటి తెరచాపను ఎత్తి దించేవారు మిగిలినవారు. ఒకరు ఎప్పుడూ ఎదుటి పడవ కదలికలను గమనించి నాయకురాలికి చెబుతూ ఉంటారు.

పోటీలకు వచ్చే జట్లు సాధారణంగా తమ పడవలు తెచ్చుకోవు. నిర్వాహకులే ఒకే నమూనా పడవలను సమకూరుస్తారు, ఏ జట్టుకు ఏ పడవ అన్నది చీట్లు వేసి తేలుస్తారు, మధ్యలో మార్పిస్తారు కూడా. మొదట ప్రతి జట్టూ మిగిలిన జట్లతో ఒక్కొక్కసారి తలపడుతుంది. గెలుపుకు ఒక పాయింటు. పై స్థానాలలో నిలిచినవారు నాకౌట్ దశకు చేరుతారు. ఖరీదైన పడవ ఉన్నవారిదే గెలుపు అన్న మాట ఈ క్రీడకు వర్తించదు. మిగిలిన తెరచాప పందేల కంటే ఇది మన వంటి దేశాలకు అందుబాటులో ఉండవలసిన క్రీడ అనడానికి ఇదొక బలమైన కారణం. అయితే సాధన చేయడానికి కనీసం రెండు సమాన పడవలు, నియమాలు తెలిసిన ఒక శిక్షకుడు స్వస్థలంలో ఉండాలి. కొరత అక్కడే.

ప్రపంచ పోటీలు

ఇద్దరి మధ్య పందెం అన్న పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది 1851లో ఇంగ్లండులో పుట్టిన అమెరికా కప్పు. అది చాలాకాలం పురుషుల రాజ్యం. 1995లో అమెరికాకు చెందిన ఒక బృందం మహిళా నావికులతో అందులో దిగి సంచలనం కలిగించింది. 2024లో బార్సిలోనాలో మొదటిసారిగా మహిళల అమెరికా కప్పు నిర్వహించారు. ఆఖరి పోటీలో బ్రిటన్ జట్టుపై ఇటలీకి చెందిన లూనా రోసా జట్టు గెలిచినది. ఇవి కాక 2013లో మహిళల అంతర్జాతీయ మ్యాచ్ రేసింగ్ సిరీస్ మొదలైనది.

2012 ఒలింపిక్స్

2004, 2008 ఒలింపిక్స్ లో యింగ్లింగ్ అనే ముగ్గురు నడిపే పడవలపై మహిళలకు ఫ్లీట్ రేసింగ్ ఉండేది. 2012లో దాని స్థానంలో ఎలియట్ 6 మీటర్ల పడవపై మ్యాచ్ రేసింగ్ పెట్టారు. ఇది న్యూజీలాండ్ కు చెందిన గ్రెగ్ ఎలియట్ రూపొందించిన పడవ. ఇంగ్లండు దక్షిణ తీరంలోని వేమౌత్ వద్ద 12 దేశాల నుండి 36 మంది మహిళలు పోటీపడ్డారు. ఒడ్డున కూర్చున్న ప్రేక్షకులకు కూడా ఎవరు ముందున్నదీ తెలిసే తెరచాప పందెం ఇదేనని దీనికి పేరు వచ్చినది.

ఆగస్టు 11న జరిగిన ఫైనల్ లో స్పెయిన్, ఆస్ట్రేలియా తలపడ్డాయి. ముందుగా 3 పోటీలు గెలిచినవారిది స్వర్ణం. గాలి బలంగా ఉన్న ఆ రోజు ఒక పోటీలో ఆస్ట్రేలియా నాయకురాలు ఒలీవియా ప్రైస్ పడవ మీద నుండి నీటిలో పడిపోయినది. చివరకు తమారా ఎచెగోయెన్, ఆంగెలా పుమారియెగా, సోఫియా తోరోలతో కూడిన స్పెయిన్ జట్టు 3-2 తేడాతో గెలిచినది. సిల్యా లెహ్తినెన్ నాయకత్వంలోని ఫిన్లాండ్ కు కాంస్యం దక్కినది.

ఈ పోటీలు జరగకముందే, 2016 నుండి ఈ అంశం ఉండబోదని అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించినది. 2016లో మహిళలకు ఫార్టీనైనర్ ఎఫ్ఎక్స్ అనే ఇద్దరు నడిపే వేగవంతమైన పడవను ప్రవేశపెట్టారు. ముగ్గురేసి చొప్పున ఏళ్ళ తరబడి కలిసి సాధన చేసిన జట్లకు ఒలింపిక్ మార్గం మూసుకుపోయింది. ఎచెగోయెన్ కొత్త పడవకు మారి 2016 రియో ఒలింపిక్స్ లో 4వ స్థానం పొందినది. పడవ బరువు, జట్టు సంఖ్య, నేర్పు అన్నీ వేరైన మరొక క్రీడను మళ్ళీ మొదటి నుండి నేర్చుకోవడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

భారతదేశంలో

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మ్యాచ్ రేసింగ్ ఓపెన్ విభాగంలో భారత పురుషుల జట్టు పతకం గెలిచినది. భారత మహిళల విజయాలు ఇద్దరు నడిపే పడవలలోనూ, ఒక్కరే నడిపే పడవలలోనూ వచ్చినవి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో వర్షా గౌతమ్, ఐశ్వర్య నెడుంజెళియన్ కాంస్యం సాధించగా, 2018లో వర్షా గౌతమ్, శ్వేతా షేర్వేగర్ రజతం గెలిచారు. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ ఒలింపిక్స్ కు అర్హత సాధించిన మొదటి భారత మహిళా సెయిలర్. ఆమె 2021లో జరిగిన టోక్యో క్రీడలలోనూ, 2024 పారిస్ క్రీడలలోనూ పాల్గొన్నది.

తెలుగు నావికురాళ్ళు

సముద్రం లేని హైదరాబాదు తెలుగువారి తెరచాప క్రీడకు కేంద్రం కావడం విచిత్రమే. హుస్సేన్ సాగర్ లో సికింద్రాబాదు సైనిక విభాగాల ఆధ్వర్యంలో చాలాకాలంగా లేజర్ పడవల పందేలు జరుగుతున్నాయి. 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవలపై శిక్షణ ఇస్తూ వచ్చినది. తెలంగాణకు చెందిన ప్రీతి కొంగర, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 470 తరగతి మిశ్రమ విభాగంలో సుధాంశు శేఖర్ తో కలిసి పోటీపడింది.

విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య భారత నౌకాదళ అధికారులుగా ఐఎన్ఎస్వీ తారిణి అనే తెరచాప నౌకపై భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళలలో ఇద్దరు. వర్తికా జోషి నాయకత్వంలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించి, 2018 మే 21న తిరిగి వచ్చారు. ఇది పందెం కాదు. ఎదుట మరొక పడవ లేదు. ఉన్నది దక్షిణ మహాసముద్రం. అయినా గాలిని చదవడం, తెరచాపను క్షణాలలో మార్చడం, ఒకరి మాట మరొకరు వినడం అన్న విద్య రెండింటికీ ఒకటే.

నౌక పేరులో ఉత్తరాంధ్రకు దగ్గర చుట్టరికం ఉన్నది. గంజాం జిల్లాలో ఋషికుల్యా నది ఒడ్డున కొండపై వెలసిన తారాతారిణి పేరును ఈ నౌకకు పెట్టారు. పూర్వం కళింగ నావికులు, వర్తకులు సముద్రయానానికి ముందు ఈ దేవతను కొలిచేవారని ప్రతీతి. 1936లో ఒడిషా ఏర్పడేవరకు శ్రీకాకుళం ఆ గంజాం జిల్లాలోనిదే.

ఉత్తరాంధ్ర తీరం

శ్రీకాకుళం జిల్లాలో బారువ, భావనపాడు, కళింగపట్నం, విజయనగరం జిల్లాలో కోనాడ, చింతపల్లి మొదలైనవి సముద్రతీర గ్రామాలు. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం ఒకప్పుడు ఓడరేవు. అక్కడ 1876 నాటి దీపస్తంభం ఉన్నది. ఈ ఊళ్ళలో చేపలను ఎండబెట్టి, తలపై గంపలతో ఊరూరా అమ్మి కుటుంబాలను నడిపినది స్త్రీలే. అయితే తెప్ప ఎక్కి వేటకు పోయేది పురుషులు మాత్రమే. ఆ ఆచారం నేటికీ పెద్దగా మారలేదు. ఇంతలో మోటారు బిగించిన ఫైబర్ పడవలు వచ్చి తెరచాపను మూలన పెట్టాయి. గాలి చూసి పడవ నడిపే నేర్పు పాతతరం జాలరుల వద్దనే మిగిలి ఉన్నది. దానిని ఆడపిల్లలకు నేర్పే అవకాశం ఊరిలో లేదు. కనుక ఈ ప్రాంతపు బాలికలకు తెరచాప విద్య ఇప్పటివరకు అందుతున్నది సైనిక సంబంధమైన సంస్థల ద్వారానే.

ఎన్‌సీసీ నౌకా విభాగంలో చేరిన విద్యార్థినులకు వేలర్ అనే పడవలపై తెడ్డు వేయడం, తెరచాప నడపడం నేర్పుతారు. విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాల 1962లో బాలుర కోసం ఏర్పడినది. దేశంలోని ఇతర సైనిక పాఠశాలలతో పాటు అక్కడ కూడా 2021-22 విద్యాసంవత్సరం నుండి బాలికలను చేర్చుకుంటున్నారు. 2022లో ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో మొదటి మహిళా క్యాడెట్ల బృందం చేరినది. అక్కడి సరస్సులో పీకాక్ బే అనే చోట క్యాడెట్లకు తెరచాప పడవలపై శిక్షణ ఇస్తారు.