తేట ఇంగ్లీషు - శాస్త్ర రచన

ఒక శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో చూచినదానిని, ఆ సమయమున అచ్చట లేనివారు నమ్ముట ఎట్లు? తామును ఆ ప్రయోగమును చేసి చూచినప్పుడే గదా! అట్లు చేయవలెనన్న, మొదటివాడు వ్రాసినది స్పష్టముగా ఉండవలెను. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో వచన రచనను గూర్చి శాస్త్రజ్ఞులు ఆలోచించుటకు ఈ అవసరమే ముఖ్యకారణము.

ఆ కాలమున ఐరోపా పండితులు పెక్కు గ్రంథములను లాటినులో వ్రాయుచుండిరి. ఇంగ్లీషులో వ్రాయువారిలోను పలువురు లాటిను పోకడలనే అనుసరించుచుండిరి. ఇక రసవాదులు తమ రహస్యములు ఇతరులకు తెలియకుండుటకై పదార్థములకు మారుపేర్లు పెట్టిరి. 'ఆకుపచ్చ సింహము' అనగా ఏ పదార్థమో చదువరి ఊహించుకొనవలసినదే. రాబర్ట్ బాయిల్ 1661లో ప్రకటించిన గ్రంథమున ఈ మరుగు మాటలను గట్టిగా విమర్శించెను.

లండనులో రాయల్ సొసైటీ 1660లో ఏర్పడెను. బాయిల్ గాలిపంపుతో తాను చేసిన ప్రయోగములను ఆ సంవత్సరముననే ఇంగ్లీషులో ప్రకటించెను. ఫలించినవానినే గాక ఫలింపనివానిని గూడ అందు వర్ణించెను. అతని వాక్యములు పొడవైనవే. అయినను పరికరము చదువరి కన్నులకు కట్టును. తేటదనమనగా వాక్యము పొట్టిగా నుండుట మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లీషు భాషను చక్కదిద్దుటకు సొసైటీ 1664లో ఒక ఉపసంఘమును నియమించెను. కవి జాన్ డ్రైడెన్ అందొక సభ్యుడు. ఉపసంఘము వలన ఫలితమేమియు కలుగలేదు. కాని 1667లో థామస్ స్ప్రాట్ సొసైటీ చరిత్రను వ్రాయుచు, సభ్యులు అలంకారములను విడిచి గణితమునందలి తేటదనముతో వ్రాయగోరుచున్నారనియు, పండితుల మాటలకంటె చేతిపనివారి, పల్లెవాసుల, వర్తకుల మాటలనే మేలుగా నెంచుచున్నారనియు తెలిపెను.

ఐజాక్ న్యూటన్ 1687లో 'ప్రిన్సిపియా'ను లాటినులోనే ప్రకటించెను. 1704లో వెలువడిన 'ఆప్టిక్స్' మాత్రము ఇంగ్లీషులో వచ్చెను. గదిని చీకటి చేసి, కిటికీ తలుపున అంగుళములో మూడవ వంతు వెడల్పుగల గుండ్రని రంధ్రము చేసి, దానికడ గాజు పట్టకము నుంచవలెనని అందు తెలిసికొనవచ్చును. పట్టకము దొరికినవారెవరైనను ఆ ప్రకారము చేసి ఎదుటి గోడపై రంగులను చూడగలరు.

తేటగా వ్రాయువాడు తన తప్పును ఇతరులు కనిపెట్టుటకును అవకాశమిచ్చుచున్నాడు. మరుగు మాటలతో వ్రాసినదానిని పరీక్షించుటయే కష్టము. కావుననే సులభమైన మాటను ఎన్నుకొనుట శాస్త్ర రచనలో సొగసుకొరకు మాత్రమే కాదు. అది పరిశోధనా విధానములో ఒక భాగము.