బొగ్గు పొరల పైన ఎర్రమట్టి

ఇప్పటికి సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం ముగిసేనాటికి, భూమ్మీద జీవం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. సైబీరియాలో లక్షల ఏళ్లు పొంగిన లావా వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, నేలా నీరూ వేడెక్కాయి. సముద్రంలో ప్రాణవాయువు తగ్గింది. సముద్రజీవుల జాతుల్లో నూటికి ఎనభైకి పైగా అంతరించాయి. ఆ విలయానికి ముందు ఏముండేదో, తర్వాత ఏమొచ్చిందో ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి లోయ దాకా పరుచుకున్న గోండ్వానా రాళ్లలో కనిపిస్తుంది.

ముందుకాలపు ఆనవాలు బొగ్గే. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ అక్కడే. కోర్బా గనుల నుంచి రైళ్ల కొద్దీ వెళ్లే బొగ్గు, 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన సింగరేణి బొగ్గు, రెండూ ఒకే రకం అడవి నుంచి వచ్చినవి. ఆ అడవిలో ప్రధానమైన చెట్టు గ్లాసోప్టెరిస్. బొగ్గు పొరను అంటిపెట్టుకున్న బూడిదరంగు పలకరాయిని చీలిస్తే దాని ఆకు అచ్చు కనబడుతుంది: నాలుక ఆకారం, మధ్యలో లావుపాటి ఈనె, దానికి రెండువైపులా వలలా అల్లుకున్న సన్నని ఈనెలు. ఆ ఆకులూ కొమ్మలూ చిత్తడి నీళ్లలో పడి, కుళ్లకుండా పేరుకుని బొగ్గయ్యాయి.

విలయంతో ఆ అడవి పోయింది. తర్వాత సుమారు కోటి ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కడా చెప్పుకోదగ్గ బొగ్గు ఏర్పడలేదు. చిత్తడిలో పెరిగి పేరుకునే చెట్లే మిగలలేదు మరి. జీవం ఎంత దెబ్బతిన్నదో చెప్పడానికి ఏ ఎముకకన్నా ఈ ఖాళీయే బలమైన సాక్ష్యం. గోదావరి లోయలో బొగ్గు పొరల పైన ఇసుకరాళ్లు, వాటి పైన ఎర్రమట్టి రాళ్లు వస్తాయి. ఆ ఎరుపుకు వాతావరణం పొడిబారడమూ ఒక కారణమే.

మొదట విస్తరించినవి బతికి బయటపడ్డ కొద్దిపాటి జీవులు. వాటిలో పేరున్నది లిస్ట్రోసారస్: పందిలాంటి ఒళ్లు, రెండు కోరలు, మొక్కలు తినే బతుకు. బెంగాల్లోని పంచేట్ రాళ్లలో, దక్షిణాఫ్రికాలో, అంటార్కిటికాలో దీని ఎముకలు దొరికాయి. కొన్నిచోట్ల ఆ కాలపు శిలాజాల్లో అత్యధికం ఇదే. దీన్ని కోలుకోవడం అనలేం. ఖాళీ అయిన పొలంలో ఒకే కలుపు మొక్క నిండిపోవడం లాంటిదది. పైగా వేడి ఒక్కసారితో తగ్గలేదు. కార్బన్ మళ్లీ మళ్లీ ఎగదన్నడంతో యాభై లక్షల ఏళ్ల దాకా సముద్రాలు నిలకడకు రాలేదు.

అసలు కోలుకోవడం ఎలా ఉంటుందో పాత ఆదిలాబాద్ జిల్లా ప్రాంతంలో చూడవచ్చు. ఇక్కడి శిలాజాల వేట ఊపందుకున్నది 1957 తర్వాత. పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు పమేలా రాబిన్సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి ఈ పరిశోధనకు పునాది వేశారు. విలయానికి ముందరి ఎండోథియోడాన్ అనే జంతువు ఎముకలు కుందారం రాళ్లలో దొరికాయి. విలయం తర్వాత కొన్ని పదుల లక్షల ఏళ్లకు ఏర్పడిన ఎర్రపల్లి రాళ్లలో దృశ్యమే వేరు. అక్కడ మందలుగా మేసిన వాడియాసారస్, పొడుగు మెడ పమేలారియా, వాటిని వేటాడగల భారీతలసూకస్ ఉన్నాయి. 2021లో పెట్టిన ఈ చివరి పేరులో ‘భారీ’, ‘తల’ తెలుగు నుంచి తీసుకున్న మాటలే. ఎరుపును గుర్తుచేసే పేరున్న యారాసూకస్ డైనోసార్ల దూరపు బంధువు. మేసేవాటి మీద వేటాడేవి, అందులో చిన్నవీ పెద్దవీ: ఆహారపు గొలుసు మళ్లీ అంచెలంచెలుగా నిలబడిందనడానికి గుర్తు ఇదే. లిస్ట్రోసారస్ కాలంలో ఇంతగా కనబడనిది ఇదే.

అయితే పాతవాళ్లు తిరిగి రాలేదు. గ్లాసోప్టెరిస్ స్థానంలోకి దక్షిణ ఖండాల్లో డైక్రోయిడియం అనే మొక్క వచ్చింది. క్షీరదాల పూర్వీకుల బంధువులు ఏలిన నేలను మొసళ్లకూ డైనోసార్లకూ చెందిన వంశాలు ఆక్రమించాయి. ఎర్రపల్లి పైనున్న మలేరి రాళ్లలో మొసలిలాంటి పారాసూకస్, మొక్కలు తినే హైపెరోడపెడాన్, చిన్న డైనోసార్ ఆల్వాకేరియా కనిపిస్తాయి.

ఆ పైన జురాసిక్ కాలపు కోట రాళ్లు. అప్పటికి మేసే జంతువులు ఏనుగుల్ని మించాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన అనేక జంతువుల ఎముకలను జతచేసి నిలిపిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్‌లోని బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.