ఆటలో చెప్పిన రహస్యం సాక్ష్యమవుతుందా?

1956 ఫిబ్రవరి 9న అమెరికాలో సీబీఎస్ టీవీ ‘ఐవ్ గాట్ ఎ సీక్రెట్’ ఆటకు 95 ఏళ్ల ముసలాయన ఒకరు వచ్చారు. పేరు శామ్యూల్ సీమోర్, సొంత రాష్ట్రం మేరీలాండ్. హోటల్ మెట్ల మీద పడి కన్ను వాచిపోయింది. మానుకోమని వ్యాఖ్యాత గ్యారీ మూర్ నచ్చజెప్పినా వినలేదు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ ఫోర్డ్స్ థియేటర్‌లో అధ్యక్షుడు లింకన్‌పై కాల్పులు జరిగినప్పుడు, అయిదేళ్ల పిల్లవాడిగా తాను అక్కడే ఉన్నానన్నది ఆయన రహస్యం.

1952లో మొదలైన ఈ ఆటలో నలుగురు ప్యానెల్ సభ్యులు వకీళ్లలా ప్రశ్నలు గుప్పించేవారు. ఒక్కొక్కరిని తప్పించుకుంటే 20 డాలర్లు, మొత్తం మీద 80. రహస్యం ముందే ప్రేక్షకులకు తెర మీద చూపించేవారు. పరిశోధకుడు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ప్యానెల్ పని రహస్యాన్ని పసిగట్టడం వరకే, అది నిజమో కాదో తేల్చడం కాదు. ఆ రాత్రి ప్యానెల్ సభ్యురాలు జేన్ మెడోస్ సరిగ్గానే ఊహించింది. అయితే ఆమె జవాబు సరిపోయింది తెర మీది వాక్యంతోనే.

కాబట్టి ఆ రికార్డింగు 1956కు ప్రత్యక్ష ఆధారం, 1865కు మాత్రం 90 ఏళ్ల తర్వాతి జ్ఞాపకం. సీమోర్ కథనంలో పసితనపు చూపు కనిపిస్తుంది. అధ్యక్షుణ్ణి కాల్చారని ఆయనకు తెలియలేదు. పైనుంచి వేదిక మీదికి పడ్డ మనిషికి, అంటే హంతకుడు బూత్‌కే, దెబ్బ తగిలిందేమోనని బెంగపడ్డారు. కట్టుకథకు ఇలాంటి వివరం సులభంగా తట్టదనిపిస్తుంది. కానీ బూత్ దూకిన సంగతి అప్పటికే లోకమంతా చదివినదే. 1954లో ‘అమెరికన్ వీక్లీ’ పత్రికలో ఇదే కథ ఆయన మాటగా అచ్చయిందనడం కూడా కొత్త బలమివ్వదు. ఒకే మనిషి రెండుసార్లు చెప్తే ఇద్దరు సాక్షులు కారు. ‘చివరి సాక్షి’ అనడం కన్నా ‘తెలిసినంతలో చివరివాడు’ అనడమే న్యాయం. ఆ ఆట ప్రసారమైన రెండు నెలలకే, ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు.

1957 జూలై 3న అదే ఆటకు ‘డాక్టర్ ఎక్స్’ పేరుతో వచ్చిన ఫిలో ఫార్న్స్‌వర్త్ సంగతి వేరు. ఎలక్ట్రానిక్ టెలివిజన్ కనిపెట్టింది తానేనన్నది ఆయన రహస్యం. టీవీలోనే కూర్చున్న ప్యానెల్ దాన్ని పట్టుకోలేక, 80 డాలర్లూ సమర్పించుకుంది. ఈ మాటకు ఆట బయట కాగితాలున్నాయి. 1927 జనవరిలో పేటెంట్ దరఖాస్తు, ఆ సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో పంపిన తొలి బొమ్మ ఉన్నాయి. 1922లో తన శిష్యుడు గీసి చూపిన పథకం గురించి బడి మాస్టారు జస్టిన్ టోల్మన్ ఇచ్చిన వాంగ్మూలమూ ఉంది. ఆ తర్వాత పేటెంట్ వివాదంలో పేటెంట్ ఆఫీసు, రేడియో కంపెనీ ఆర్‌సీఏ తరఫు ఆవిష్కర్త జ్వోరికిన్‌ను కాదని ఫార్న్స్‌వర్త్ వైపే మొగ్గింది. అయితే ఆ తీర్పు పరిధి కెమెరా ట్యూబుకు సంబంధించిన ఒక క్లెయిము వరకే. మొత్తం టెలివిజన్‌ను ఆయన ఒక్కడి ఖాతాలో వేయడానికి అది చాలదు.