ముర్రుపాలు: పశువుల పిల్లల్లో రోగనిరోధక శక్తి

ఆవు, గేదె, గొర్రె, మేక ఈనగానే పొదుగులో ఉండే చిక్కటి, పసుపుపచ్చని పాలను ముర్రుపాలు లేదా జున్నుపాలు అంటారు. అప్పుడే పుట్టిన పిల్లకు బాక్టీరియా జబ్బులను తట్టుకునే శక్తి మొదట అందేది ఈ పాలతోనే. పిల్ల తన సొంత శక్తిని ఆ తర్వాత వారాల్లో, నెలల్లో కూడగట్టుకుంటుంది.

ప్రాంతం, పశువులు

వెలికొండల అంచున ఉన్న ఉదయగిరి, పెన్నకు ఉత్తరాన ఉన్న ఆత్మకూరు నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోనివి. వానాధారపు సేద్యం ఉన్న ఈ పల్లెల్లో పశుపోషణ, గొర్రెల పెంపకం ముఖ్యమైన ఆదరువులు. నెల్లూరు గొర్రె పొడవాటి కాళ్లు, వేలాడే చెవులు గల మాంసపు జాతి. దీని ఒంటిమీద ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు ఉంటాయి. జోడిపి, పల్ల, గోధుమరంగు అని ఇందులో మూడు రకాలు. ఇక్కడి కాపరికి ఈత కాలంలో పుట్టిన పిల్లను నిలబెట్టుకోవడమే ఏడాది రాబడి.

పరిశోధన చరిత్ర

తల్లి రక్షణ పాల ద్వారా పిల్లకు చేరుతుందని ప్రయోగంతో చూపినవాడు జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. ఆయన వాడిన విషాలు మెట్ట పొలాల గట్లమీద కనిపించే మొక్కలవే: గురివింద గింజలోని అబ్రిన్, ఆముదపు గింజలోని రిసిన్. వాటిని కొద్దికొద్దిగా ఇచ్చి ఎలుకలకు తట్టుకునే శక్తి కలిగించాడు. తర్వాత ఆ తల్లుల పిల్లలను మామూలు తల్లుల దగ్గరా, మామూలు పిల్లలను ఈ తల్లుల దగ్గరా పాలు తాగనిచ్చాడు. రక్షణ పాలతో అందుతుందని 1892లో ప్రకటించాడు.

1922లో అమెరికాలోని రాక్‌ఫెలర్ సంస్థలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ దూడలపై పరిశీలన చేశారు. ముర్రుపాలు దక్కని దూడలు చాలావరకు తొలి రోజుల్లోనే చనిపోయాయి. మామూలుగా పేగుల్లో ఉండే బాక్టీరియాయే వాటి శరీరమంతా పాకింది.

1963లో ఆర్థర్ సిల్వర్‌స్టీన్ బృందం గర్భంలోని గొర్రెపిల్లలను పరిశీలించింది. గొర్రె చూలు సుమారు 150 రోజులు. పిండం ఫెరిటిన్ అనే పదార్థానికి 66వ రోజు ప్రాంతంలోనే ప్రతిరక్షకాలను తయారుచేసింది. కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్‌కు స్పందించడానికి 120 రోజులు దాటింది. టైఫాయిడ్ బాక్టీరియాకు మాత్రం పుట్టకముందు స్పందించనే లేదు. రోగనిరోధక శక్తి ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా వస్తుందని దీంతో తేలింది.

పనిచేసే తీరు

మనుషుల్లో తల్లి ప్రతిరక్షకాలు మాయ గుండా కడుపులోని బిడ్డకు చేరతాయి. ఆవు, గొర్రెల మాయ పొరలు వాటిని దాటనివ్వవు. అందుకే పిల్ల దాదాపు ప్రతిరక్షకాలు లేకుండానే పుడుతుంది. ఈనే ముందు వారాల్లో తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు పొదుగులో పోగవుతాయి. పుట్టిన పిల్ల పేగులు వాటిని జీర్ణం చేయకుండా నేరుగా రక్తంలోకి తీసుకుంటాయి. గంటలు గడిచేకొద్దీ ఈ గుణం తగ్గి, ఒక రోజు దాటేసరికి దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత జున్నుపాలు తాగినా ప్రతిరక్షకాలు రక్తంలోకి చేరవు. పేగు లోపలి పొరకు మాత్రం కొంత కాపు ఉంటుంది.

ఆచారం, పశువైద్యం

మాయ పడేదాకా పిల్లను పొదుగుకు వదలకూడదనే నమ్మకం కొన్ని పల్లెల్లో ఉంది. దీనివల్ల విలువైన గంటలు వృథా అవుతాయి. తెల్లపారుడు, బొడ్డువాపు, కీళ్లవాపు వంటి జబ్బులకు దారి పడుతుంది. నిజానికి పిల్ల పాలు కుడిస్తే తల్లికి గర్భసంచి ముడుచుకుని మాయ పడడం సులువవుతుంది. జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచే ఆచారం మంచిదే, కానీ ముందు పిల్ల కడుపు నిండాలి. మొదటి గంట, రెండు గంటల్లోనే పాలు పట్టాలనీ, దూడకు రోజు మొత్తంలో బరువులో పదోవంతు అందాలనీ పశువైద్యులు చెబుతారు. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయడమూ అవసరమే.

తొలకరి తర్వాత లేతపచ్చిక మేసిన గొర్రెలను చిటుకు రోగం హఠాత్తుగా చంపుతుంది. దీనికి కారణం క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా విషం. చూడి గొర్రెకు ఈనడానికి సుమారు నెల ముందు టీకా వేస్తే ముర్రుపాలలో ఆ విషానికి విరుగుడు పెరుగుతుంది. తల్లి ఇచ్చిన ఈ రక్షణ క్రమంగా తరిగిపోతుంది కాబట్టి పిల్లకు మూడు, నాలుగు నెలల వయసులో విడిగా టీకా వేయాలి. చూడి గొర్రెకు వేసిన టీకా పిల్లను కాపాడాలంటే మాత్రం, అది పుట్టిన పూటే తల్లి పొదుగు అందుకోవాలి.