ఇటుకల పొయ్యి

ఇటుకల పొయ్యి అనగా ఇటుకలను వరుసలుగా పేర్చి, ఆరుబయట కట్టెలతో వంట చేసుకొనుటకు కట్టుకొనే పొయ్యి. దీనికి సిమెంటు గానీ, తాపీ మేస్త్రీ గానీ అవసరం లేదు. వనభోజనాలు, పొలం పనులు వంటి సందర్భాలలోనూ, తుఫాను, వరదల వలన గ్యాసు, విద్యుత్తు అందని రోజులలోనూ ఇది ఉపయోగపడుతుంది. మూడు రాళ్ళ పొయ్యితో పోల్చినపుడు దీనికి కట్టెలు తక్కువ పడతాయి, పొగ కూడా తక్కువ. అయితే పొగ పూర్తిగా పోదు కనుక దీనిని ఇంటి లోపల వాడరాదు.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలోని ఎచ్చెర్ల మండలం బంగాళాఖాతం తీరాన ఉన్నది. అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరానికి తుఫానుల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు ఉత్తరాంధ్రను తాకాయి. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. విద్యుత్ స్తంభాలు పడిపోవడంతో అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి.

ఇటువంటి సమయంలో కూలిన చెట్ల వలన కట్టెలకు కొరత ఉండదు, కానీ అవి తడిసి ఉంటాయి. ఎండు కట్టె కొద్దిగానే దొరుకుతుంది. ఆ కొద్దిపాటి కట్టెతో అన్నం వండుకోవాలి, తాగే నీరు కాచుకోవాలి. అందువలన పొయ్యి కట్టే పద్ధతికి ప్రాధాన్యం ఏర్పడుతుంది.

పనిచేసే విధానం

మూడు రాళ్ళ పొయ్యిలో మంట అన్ని వైపులా గాలికి చెదిరిపోతుంది. వేడిలో అధిక భాగం గిన్నెకు చేరదు. ఇటుకల పొయ్యిలో మంట చుట్టూ గోడ ఉంటుంది. మధ్యలోని నిలువు గొట్టంలో వేడిగాలి పైకి లేస్తుంది, దాని స్థానంలోకి కింది నోటి నుండి కొత్త గాలి వస్తుంది. ఈ లాగుడు వలన మంట ఊదనవసరం లేకుండానే మండుతుంది. కట్టె నుండి వెలువడే పొగలో మండే వాయువులు ఉంటాయి. అవి గొట్టంలోని వేడికి చాలావరకు కాలిపోయి, పొగ తగ్గి వేడి పెరుగుతుంది.

కావలసిన వస్తువులు

* 23 × 11 × 7.5 సెం.మీ. కొలతలు గల కాల్చిన మట్టి ఇటుకలు 24. వీటిలో రెండింటిని సగానికి విరగగొట్టాలి.
* 25 సెం.మీ. పొడవు, సుమారు 10 సెం.మీ. వెడల్పు గల మందపాటి ఇనుప పట్టీ ఒకటి.
* కట్టెలు ఆనించుటకు చిన్న రేకు ముక్క.
* సందులు పూడ్చుటకు బంకమట్టి, ఇసుక, కొద్దిగా ఊక కలిపి పిసికిన మట్టి. ఇది లేకపోయినా పొయ్యి పనిచేస్తుంది.

సిమెంటు కీళ్ళు వేడికి పగులుతాయి కనుక వాడరాదు. ఏటి ఒడ్డున దొరికే తడి గుండ్రాళ్ళు కూడా పనికిరావు. వాటిలోని నీరు ఆవిరై రాళ్ళు పేలవచ్చు.

కట్టే పద్ధతి

1. నేలను చదును చేసి 4 నిండు ఇటుకలు, ఒక సగం ఇటుకతో 34 సెం.మీ. చదరపు పీఠం పరచాలి. తడి నేల వేడిని లాగేయకుండా ఇది కాపాడుతుంది.
2. పీఠంపై మొదటి వరుస వేయాలి. నిండు వరుసకు నాలుగు ఇటుకలు పడతాయి. ఒక్కొక్క ఇటుక చివర పక్క ఇటుక పొడుగు వైపుకు ఆనేలా వాటిని చక్రం వలె పేర్చితే మధ్యలో 12 సెం.మీ. చదరపు ఖాళీ మిగులుతుంది. అయితే మొదటి వరుసలో ముందువైపు నిండు ఇటుకకు బదులు సగం ఇటుకను మూలన పెట్టాలి. అప్పుడు 12 సెం.మీ. వెడల్పు గల నోరు ఏర్పడుతుంది.
3. రెండవ వరుసను కూడా ఇదే విధంగా, అయితే చక్రం తిరిగే దిశను మార్చి పేర్చాలి. సగం ఇటుక ఈసారి ముందువైపు రెండవ మూలకు వస్తుంది. కింది కీలుపై పై ఇటుక పడి కట్టు నిలుస్తుంది. నోటి ఎత్తు 15 సెం.మీ. అవుతుంది.
4. నోటిపై ఇనుప పట్టీని రెండు వైపులా సమానంగా ఆనేలా ఉంచాలి. అది మధ్య గొట్టంలోకి చొచ్చుకు రాకూడదు.
5. దానిపై మూడు వరుసలు, వరుసకు నాలుగు నిండు ఇటుకల చొప్పున, ప్రతిసారీ దిశ మార్చుతూ పేర్చాలి. పీఠం కాక పొయ్యి ఎత్తు సుమారు 37 సెం.మీ. ఉంటుంది.
6. మిగిలిన సగం ఇటుకను పగులగొట్టి, సుమారు 2 సెం.మీ. మందం గల మూడు పెళ్ళలను పైన ఉంచాలి. గిన్నె వీటిపై కూర్చుంటుంది. గిన్నె నేరుగా గొట్టాన్ని మూసివేస్తే లాగుడు ఆగి పొగ వెనుకకు వస్తుంది.
7. నోటిలో 4 - 5 సెం.మీ. ఎత్తున రెండు పెళ్ళలపై రేకు ఉంచాలి. కట్టెలు రేకు మీద, గాలి రేకు కింద. రేకు కిందకు బూడిద చేరితే లాగివేయాలి.

వంటచెరకు

కట్టెలను బొటనవేలి మందానికి చీల్చి, కొనలు మాత్రమే మండేలా లోపలికి నెట్టుతూ ఉండాలి. తీరప్రాంతంలో దొరికే సరుగుడు కట్టె బాగా మండుతుంది. ఎండిన కొబ్బరి మట్టలు, తాటి కమ్మలు రాజేయుటకు అనుకూలం. తడి కట్టెను చీల్చితే లోపలి భాగం కొంత పొడిగా ఉంటుంది. మిగిలిన కట్టెను పొయ్యికి దగ్గరగా, నిప్పు తగలనంత దూరంలో ఆరబెట్టుకోవచ్చు.

పలాస పరిసరాలలో విరివిగా లభించే జీడి తొక్కలను వంటకు వాడరాదు. వాటిలోని ఘాటైన నూనె పొగగా మారి కళ్ళను, ఊపిరితిత్తులను బాధిస్తుంది. ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క కూడా విషపు పొగను ఇస్తాయి.

నీరు కాచుట

తుఫాను తరువాత బావులు, చేతిపంపుల నీరు కలుషితం కావచ్చు. నీటిని వడకట్టి, సలసల కాగిన తరువాత కనీసం 1 నిమిషం పాటు మరిగించి, మూత పెట్టి చల్లార్చాలి. దీని వలన రోగక్రిములు నశిస్తాయి. అయితే సముద్రపు పోటు వలన బావిలో చేరిన ఉప్పు మరిగించినంత మాత్రాన పోదు. అటువంటి నీటిని తాగుటకు వాడరాదు.

జాగ్రత్తలు

* ఇంటి లోపల, మూసిన వరండాలో, గుడారంలో వెలిగించరాదు. కట్టెలు, బొగ్గులు మండినపుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు గానీ, వాసన గానీ లేదు.
* పూరిళ్ళు, గడ్డివాములు, తెగి వేలాడే విద్యుత్ తీగలకు దూరంగా కట్టాలి.
* ఈదురుగాలి తిన్నగా నోటిలోకి కొట్టకుండా పొయ్యిని తిప్పి కట్టాలి.
* ఇటుకలు తడిసి ఉంటే మొదట చిన్న మంటతో మెల్లగా ఆరనివ్వాలి.
* కిరసనాయిలు, పెట్రోలు పోసి రాజేయరాదు.
* వంట ముగిసిన తరువాత కట్టెలు బయటకు లాగి ఇసుక కప్పాలి. వేడి ఇటుకలపై నీరు పోస్తే అవి పగులుతాయి.
* పిల్లలను దగ్గరకు రానివ్వరాదు. గోడలు చాలాసేపు వేడిగానే ఉంటాయి.

ఈ పొయ్యి ఒక కుటుంబానికి సరిపడే గిన్నెకు మాత్రమే తగినది. వందల మందికి వండవలసి వస్తే నేలలో పొడవుగా తవ్వే గాడిపొయ్యి మేలు. బరువైన గుండిగలను ఈ పొయ్యిపై పెడితే కట్టు ఒరిగే ప్రమాదం ఉన్నది.

చరిత్ర

పొయ్యిని మెరుగుపరచే ప్రయత్నాలలో తెలుగునాటికి కూడా స్థానం ఉన్నది. 1950వ దశకంలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి.రాజు పొగ గొట్టం గల మట్టి పొయ్యిని రూపొందించాడు. 1980వ దశకంలో అమెరికాకు చెందిన లారీ వినియార్‌స్కీ, అడ్డంగా కట్టెలు పెట్టి నిలువు గొట్టంలో మండించే "రాకెట్ పొయ్యి" సూత్రాన్ని ప్రచారం చేశాడు. పైన వివరించిన పొయ్యి ఈ సూత్రంపైనే ఆధారపడింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో దేశవ్యాప్తంగా మొదలైన ఉజ్జ్వల పథకం వలన గ్రామాలలో గ్యాసు వాడకం పెరిగింది. నిత్యవంటకు గ్యాసే ఆరోగ్యకరం. రహదారులు తెగి సిలిండరు రాని నాలుగు రోజులకు మాత్రం 24 ఇటుకలు, ఒక ఇనుప పట్టీ, గోనెసంచిలో దాచిన ఎండు కట్టెలు అక్కరకు వస్తాయి. తుఫాను హెచ్చరిక వెలువడగానే వీటిని తడవని చోట చేర్చుకొనుట మంచిది.